ఆపరేషన్ నల్లకాలు

హత్యలు పొద్దున్నే మొదలయ్యాయి.

తెల్లటి ప్లాస్టిక్ సూట్లు, కళ్లకు గాగుల్స్, చేతులకు రెండేసి జతల గ్లోవ్స్. మనుషులు ఒకరి వెనక ఒకరు కోళ్ల పరిశోధన కేంద్రం షెడ్లలోకి వెళ్లారు. గ్యాస్ సిలిండర్ల మూతలు తిరిగాయి. కాసేపు రెక్కల చప్పుడు. తర్వాత అదీ లేదు.

ఫెన్సింగ్ అవతల ఒక స్త్రీ నిలబడి చూస్తోంది. యాభై దాటిన మనిషి. ల్యాబ్ కోటు జేబుల్లో రెండు చేతులూ దూర్చుకుని కదలకుండా నిలబడింది. ఆ కేంద్రంలో సైంటిస్టు. అందరూ డాక్టరమ్మ అంటారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆవిడ చేసిన పని ఒక్కటే, ఆ షెడ్లలోని నల్లకాలు జాతిని నిలబెట్టడం.

సంచులు మోస్తున్నవాళ్లలో ఒకడు ఆగి, ఫెన్సింగ్ దగ్గరికొచ్చి గాగుల్స్ పైకి నెట్టాడు. పశువైద్యాధికారి. ఈ దళానికి నాయకుడు. ఆవిడ సొంత తమ్ముడు.

“ఇంటికెళ్లక్కా. ఇక్కడ నిలబడి ఏం చేస్తావు?”

“ఎన్ని మిగిలాయి?”

“ఏమీ మిగల్లేదు.”

“జబ్బు పిట్టని ఒక్కదాన్ని చూపించు. ముక్కు కారేది, మెడ వాల్చేది. ఒక్కటి చాలు.”

“శాంపిల్ పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ వస్తే షెడ్డు ఖాళీ చెయ్యాలి. ఆ రూలు నేను రాయలేదు.”

“రాయలేదులే. చదివి వినిపించావు, అంతే.”

అతను గాగుల్స్ దించుకుని వెళ్లిపోయాడు.

నల్లకాలు చూడ్డానికి ఏమంత బాగుండదు. చిన్న ఒళ్లు, మాసిన ఈకలు, మసి పూసినట్టుండే కాళ్లు. కానీ ఊళ్లకి ఊళ్ల కోళ్లను ఊడ్చేసే జ్వరం దాని జోలికి వస్తే రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుని, మూడో రోజు లేచి మేత ఏరుకుంటుంది. జ్వరం చంపలేని ఆ జాతిని, జ్వరం పేరు రాసిన కాగితం ఒక్క పూటలో చంపేసింది.

* * *

“కోడి గురించి నీకేం తెలుసు?” అడిగాడు పెద్దాయన.

“తినడం వరకే సార్.”

“చాలు. కూర్చో.”

బయట బోర్డు మీద ‘గణాంకాల ఉపవిభాగం’ అని ఉంటుంది. లోపల గణాంకాలు తప్ప అన్నీ ఉంటాయి. పెద్దాయన ఆ గదిలో కూర్చుని పెన్సిళ్లు చెక్కుతూ దేశాన్ని కాపాడుతుంటాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో మాస్టారు అంటారు. చూస్తే లెక్కల పంతులులాగే ఉంటాడు, తుపాకీ కూడా సుద్దముక్క పట్టుకున్నట్టే పట్టుకుంటాడు. వాళ్లమ్మ ఇప్పటికీ కొడుకు ఎక్కడో జనాభా లెక్కలు వేస్తున్నాడనే అనుకుంటోంది.

పెద్దాయన ఒక ఫొటో తోశాడు. నెరిసిన జుట్టు, ఖరీదైన సూటు, చల్లటి నవ్వు.

“విదేశీ ముఠా. పేరు ‘గూడు’. ఇతను దాని తరఫున ఆడిటర్ వేషంలో తిరుగుతాడు. వీళ్ల వ్యాపారం తెలుసా? ఒక జాతి రెండు చోట్ల ఉంటే దానికి ఒక ధర ఉంటుంది. ఒక్కచోటే ఉంటే, ఉన్నవాడు చెప్పిందే ధర. నల్లకాలు కణాలు రెండేళ్ల కిందటే వీళ్ల చేతికి చిక్కాయి. ఇప్పుడు మన దగ్గర ఉన్నవి మాయం చెయ్యాలి. నిన్న షెడ్లు అయిపోయాయి.”

“అంటే ఆ శాంపిల్...”

“మార్చేశారు. ఋజువు లేదు. మనకి మిగిలింది ఒక ట్యాంకు. అందులో లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించిన నల్లకాలు విత్తనకణాలు, ఒక గుప్పెడు వయల్స్, వేలెడంత సీసాలు. వాటిని భద్రమైన చోటికి చేరుస్తానంటూ రేపు ఆడిటర్ వస్తాడు.”

“ఆపెయ్యాలా?”

“ఆపొద్దు. రానివ్వు.” పెద్దాయన పెన్సిల్ మొన ఊదాడు. “తీసుకెళ్లనివ్వు. వాటితో పాటు ట్రాకర్ వెళ్తుంది. ఎయిర్‌పోర్టులో ఎవరికి అందిస్తాడో వాడు నాకు కావాలి. నువ్వు నైట్రోజన్ పోసే మనిషివి. అక్కడ నీకు ఒక తోడు ఉంది. ఆడిటర్ మాటల్ని తెలుగులో చెప్పే దుబాసీ. కోడ్‌నేమ్ నెమలి. గొడుగు గురించి అడుగుతుంది. చిల్లు పడిందని చెప్పు.”

“మన మనిషేనా?”

“గూడు ఆమెకి జీతం ఇస్తుంది. మనమూ ఇస్తున్నాం. ఏది జీతమో ఏది పైజీతమో నాకింకా తేలలేదు.”

బల్ల మీద సామాను పరిచాడు. ఒక పిస్టలు. పెన్ను రూపంలో కెమెరా. చొక్కా గుండీ అంత ట్రాకర్. మాస్టారు మూడూ తీసుకుని సంతకం పెట్టాడు.

* * *

భుజాన నైట్రోజన్ ఫ్లాస్కు, కాళ్లకు రబ్బరు బూట్లు, మొహం మీద కాస్త నిద్రమత్తు. వేషం బాగానే కుదిరిందనుకున్నాడు మాస్టారు. ల్యాబ్ తలుపు తీసిన డాక్టరమ్మ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది.

“ఎవరు మీరు?”

“నైట్రోజన్ అండి.”

“నైట్రోజన్ పోసేవాళ్లు ప్యాంటు బూట్ల లోపల దోపుకోరు. ఒక్క చుక్క లోపలికి జారిందంటే బూటు ఊడదీసేలోపు చర్మం పోతుంది. పైకి లాగి బూట్ల మీద నుంచి వదలండి. తర్వాత ఎవరో చెప్పండి.”

మాస్టారు వంగి ప్యాంటు సర్దుకుని, లేచి నిజం చెప్పాడు. అబద్ధం చెప్పే పరిస్థితి ఆవిడ మిగల్చలేదు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ వయల్స్ పోవడమే పెద్దాయన ప్లాన్ అని.

“కాపాడ్డానికి వచ్చారా?” అంది ఆవిడ.

ఆయన తల ఊపాడు. ఆ ఊపు ఎటో ఆయనకే తెలియలేదు.

ట్యాంకు మూల గదిలో ఉంది. నడుం ఎత్తు అల్యూమినియం డబ్బా. దాని మెడ చుట్టూ మంచు పేరుకుంది. ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

“మంచి ట్యాంకు ఒళ్లు పొడిగా ఉండాలి,” అంది. “రెండు గోడల మధ్య గాలి లేకుండా తీసేసి ఉంటారు. ఎవరో సూది మొనంత కన్నం పెట్టారు. గాలి దూరింది. వేడి లోపలికి నడిచి వెళ్తోంది.”

చెక్క స్కేలు ఒకటి ట్యాంకులోకి దింపి, తీసి, గాలిలో రెండుసార్లు ఆడించింది. స్కేలు కింది భాగంలో తెల్లగా మంచు నూగు పట్టింది. నైట్రోజన్ ఎంతుందో అది చెబుతుంది. నూగు నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేదు. మాస్టారు తెచ్చిన ఫ్లాస్కు పోశారు. బుసబుసమని పొగ లేచింది. మళ్లీ స్కేలు. ఇంకో రెండు వేళ్లు పెరిగింది.

“దీంతో మధ్యాహ్నం దాకా. సప్లై కంపెనీకి ఫోన్ చేస్తే లారీ చెడిందంటారు. రెండో ట్యాంకుని పోయిన నెల తనిఖీకని పట్టుకెళ్లి మళ్లీ తేలేదు.”

“గుడ్లు దాచుకోవచ్చుగా మేడమ్, ఈ బాధంతా దేనికి?”

ఆవిడకి ఈ ప్రశ్న కొత్త కాదు. “అంత పచ్చసొన గడ్డకడితే పగుళ్లే. ఆవు పిండం విషయంలో చెల్లే పని కోడి దగ్గర చెల్లదు. పోనీ పుంజు వీర్యం దాద్దామా, అది సగం కథే. పెట్ట వైపు సగం ఎక్కడ తెస్తాం? అందుకని గుడ్డులో గుండె అప్పుడే కొట్టుకోవడం మొదలెట్టిన పిండం నుంచి రక్తం తీస్తాం, వెంట్రుకవాసి సూదితో. అందులో విత్తనకణాలు తిరుగుతుంటాయి. అవే ముందుముందు పెట్టలో గుడ్డవుతాయి, పుంజులో వీర్యమవుతాయి. వాటిని ఇందులో పడుకోబెట్టాం.”

“ఇప్పుడు బతికే ఉన్నాయా?”

“చూసి చెప్పలేం. చచ్చిన వయలూ బతికిన వయలూ ఒక్కలాగే ఉంటాయి. తెలియాలంటే కరిగించాలి. కరిగిస్తే మళ్లీ గడ్డకట్టించడానికి ఉండదు.”

మాస్టారు నడవాలోకి వెళ్లి పెద్దాయనకు ఫోన్ చేశాడు.

“సార్, ఒక మంచి ట్యాంకు పంపండి. నిండా పోసి.”

“ట్యాంకు బాగుపడితే వాళ్లకి వచ్చే పనేముంది?”

“ఇవి పోతే మనకి ఇంకెక్కడా లేవు సార్.”

“నాకు కోళ్లు వద్దయ్యా. మనుషులు కావాలి.” ఫోన్ పెట్టేశాడు.

గదిలోకి తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ మళ్లీ స్కేలు ముంచుతోంది. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నడుముకి పిస్టలు ఉంది. ఎవర్ని కాల్చాలి? ట్యాంకు మెడలోంచి సన్నటి పొగ లేచి, పాకి, నేల మీద మాయమవుతోంది. దాన్ని ఆపడానికి ట్రైనింగ్‌లో ఏమీ నేర్పలేదు.

* * *

ఆడిటర్ వచ్చాడు. వెనక అతని దేశంవాళ్లు ఇద్దరు డ్రై షిప్పర్ మోసుకొచ్చారు. పక్కన నెమలి. ముదురు నీలం రంగు పొడుగు కోటు, ఎత్తు మడమల చెప్పులు, మెడ దగ్గర మెరిసే చిన్న రాయి. ఆ కెమికల్స్ వాసన గదిలోకి ఖరీదైన సెంటు వాసన నడిచొచ్చింది.

“వర్షం వచ్చేలా ఉంది. ఇక్కడెవరి దగ్గరైనా గొడుగు ఉందా?” అంది నెమలి అందర్నీ చూస్తూ.

“ఉందండి. చిల్లు పడింది,” అన్నాడు మాస్టారు.

ఆమె కనురెప్ప కూడా కదల్లేదు.

ఆడిటర్ తన భాషలో మెత్తగా మాట్లాడటం మొదలెట్టాడు. మాట్లాడుతూ డ్రై షిప్పర్ మీద చెయ్యేసి నిమిరాడు. డ్రై షిప్పర్ అంటే ప్రయాణాల ట్యాంకు. గోడల్లో స్పాంజి లాంటి పదార్థం ఉంటుంది. ఒక రోజంతా నైట్రోజన్ తాగించి, మిగిలింది ఒంపేస్తే, ఒక వారం దాకా లోపల చలి నిలుస్తుంది. అతను ఆగాడు. నెమలి గొంతు సవరించుకుని, అదే మర్యాదతో, అదే చిరునవ్వుతో తెలుగులో చెప్పడం మొదలెట్టింది.

“మీ ట్యాంకు పరిస్థితి చూసి వీరు చాలా బాధపడుతున్నారు. కన్నం పెట్టించింది వీరే. తల ఊపండి డాక్టరుగారూ, కొంచెం దిగులుగా.”

డాక్టరమ్మ తల ఊపింది. దిగులు నటించక్కర్లేదు.

ఆడిటర్ మళ్లీ మాట్లాడాడు. నెమలి మళ్లీ చెప్పింది.

“వీరి షిప్పర్‌లో మీ వయల్స్ భద్రంగా ఉంటాయట. ఒట్టిది. పొద్దున రెండు గ్లాసులు పోసి, పొగ రాగానే మూత పెట్టారు. సాయంత్రానికి అన్నీ వెచ్చబడిపోతాయి. ప్యాకింగ్ మీరు సరిగా చెయ్యలేదని రిపోర్టు రాస్తారు. వీళ్లకి ఈ కణాలు అక్కర్లేదు, ఇవి చావాలి. ఇప్పుడు వీరికి ధన్యవాదాలు చెబుతున్నట్టు చేతులు జోడించండి.”

డాక్టరమ్మ చేతులు జోడించింది. ఆడిటర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు.

మాస్టారు నెమలి మొహం వైపు చూశాడు. ఈమె చెప్పేది నిజమా? నిజం కాకపోతే, ఉన్న ఒక్క మంచి షిప్పర్‌నీ వద్దనిపించి వయల్స్‌ని ఈ చిల్లు ట్యాంకులోనే చంపే ఎత్తా? రెండు జీతాల మనిషి మాట.

డాక్టరమ్మ మాత్రం షిప్పర్ పిడి పట్టుకుని, సరిగ్గా పెట్టడానికన్నట్టు, ఒక చేత్తో పైకి లేపి పక్కకి జరిపింది. అంత సులువుగా లేవకూడదు అది. కడుపునిండా తాగిన షిప్పర్‌ని ఒక చేత్తో ఎత్తడం ఆవిడ వల్ల కాదు.

“వయల్స్ సర్దడానికి కొంత టైం కావాలని చెప్పండి,” అంది నెమలితో. “చలిలో చేసే పని. తలుపు వేసుకుంటాం. ఆయన్ని టీ తాగమనండి.”

* * *

తలుపు గడియ పడగానే ఆవిడ కుర్చీలో కూలబడింది.

“మీ వాళ్లకి ఫోన్ చెయ్యండి. ఇక్కడే పట్టుకోమనండి వాణ్ణి.”

మాస్టారు ఫోన్ బయటికి తీయలేదు.

“చెయ్యండీ.”

“రారు మేడమ్.” ఇంక దాచి లాభం లేదు. “వాడు ఇవి తీసుకెళ్లాలి. ఎయిర్‌పోర్టులో ఇంకొకడికి ఇవ్వాలి. అప్పుడు పడతారు మావాళ్లు. అదీ ఆర్డరు.”

“వెళ్లేసరికి చస్తాయి.”

“తెలుసు.”

“తెలిసే తల ఊపారా పొద్దున?”

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. లేచి స్కేలు ముంచింది. నూగు రెండు వేళ్లు. ట్యాంకులో ఉంటే సాయంత్రానికి పోతాయి. షిప్పర్‌లో పెట్టినా సాయంత్రానికి పోతాయి.

ఆవిడ పక్క గది తలుపు తీసింది. లోపల ఇంక్యుబేటర్, గోరువెచ్చగా గుంయ్యిమంటోంది. అద్దం వెనక ఒక ట్రేలో గుడ్లు.

“ట్యాంకుకి చెమట పట్టిన రోజే వీటిని పెట్టాను,” అంది. “బయట నుంచి తెప్పించిన తెల్లకోడి గుడ్లు. సొంత విత్తనం తయారవని లైను. వీటి పిండంలోకి నల్లకాలు కణాలు ఎక్కిస్తే, అవి వెళ్లి ఖాళీ చోట కూర్చుంటాయి. తెల్లకోడే, కానీ పెట్టేది నల్లకాలు గుడ్డు. కుదిరితే.”

“కుదురుతుందా?”

“పదిసార్లు చేస్తే ఒకటో రెండో. అందుకే ఇన్నాళ్లూ చేతులు రాలేదు. కరిగించామంటే దాచుకున్నదంతా ఖర్చయిపోయినట్టే.”

వయల్స్ ఒక్కొక్కటే ట్యాంకు మెడ దాటి పైకి వచ్చాయి, గోరువెచ్చటి నీళ్లలోకి దిగాయి. ఇన్నేళ్లు రాయిలా ఉన్నది చూస్తుండగానే నీరైంది. ఒక చుక్కలో నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. చచ్చిన కణానికి రంగు ఎక్కుతుంది, బతికినది తెల్లగా మెరుస్తుంది.

“ఎలా ఉన్నాయి?”

“నీలం ఎక్కువ,” అంది. స్లైడు జరిపి, “తెల్లవి కూడా ఉన్నాయిలే,” అంది తనకే చెప్పుకున్నట్టు.

పెంకు మీద చిన్న కిటికీ తెరిచింది. లోపల ఎర్రటి సాలెగూడు, మధ్యలో ఆవగింజంత గుండె కొట్టుకుంటోంది. మాస్టారు దీపం పట్టుకున్నాడు. ఆవిడ గాజు సూదిని నరంలోకి దింపి మెల్లగా ఊదింది. కిటికీ మీద టేపు. ఇంకో గుడ్డు. చెయ్యి వణికితే పిండం పోతుంది. దీపం కదిలితే చెయ్యి తడబడుతుంది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎంతమంది శత్రువుల మధ్య దూరినా ఆయన చొక్కా ఇలా తడవలేదు.

ఆఖరి గుడ్డుకి టేపు పడుతుండగా తలుపు మీద తట్టారు.

ట్యాంకులో మామూలు తెల్లకోడి కణాలు ఇంకో క్యానిస్టర్ నిండా ఉన్నాయి, ప్రాక్టీసు కోసం గడ్డకట్టించినవి. డాక్టరమ్మ వాటికి నల్లకాలు లేబుళ్లు చుట్టి షిప్పర్‌లో దింపింది. మాస్టారు మూత కింద గుండీ ట్రాకర్ అంటించాడు. తలుపు తీశారు.

ఆడిటర్ వెనక తెల్ల సూట్లు నిలబడి ఉన్నాయి.

* * *

“జబ్బు ఉందని గీసిన హద్దు లోపల గుడ్డన్నది ఉండకూడదట. వీరే గుర్తు చేశారట మీ అధికారులకి,” అంది నెమలి. ఈసారి తర్జుమాలో అదనంగా ఏమీ లేదు. ఆమె మొహంలో కూడా ఏమీ లేదు.

తమ్ముడు ముందుకొచ్చాడు. “ఇంక్యుబేటర్ ఖాళీ చెయ్యాలక్కా.”

“అవి బయటి గుడ్లురా. నిన్న మొన్న వచ్చినవి.”

“హద్దు లోపల ఉన్నాయి.”

“నా చేతులతో...” ఆవిడ ఆగిపోయింది. ఆడిటర్ ఆసక్తిగా చూస్తున్నాడు. అసలు ఆ గుడ్లలో ఏముందో చెబితే తమ్ముడు ఆగుతాడేమో. నల్లకాలు పేరు చెవిన పడితే ఆడిటర్‌కి కూడా అర్థమవుతుంది. చెప్పకపోతే గుడ్లన్నీ గోతిలోకే. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, అంతే. ఇంకేం చెయ్యాలో తోచక.

మాస్టారు వెనక తలుపులోంచి జారుకున్నాడు. వ్యాన్‌లో దళంవాళ్లకి మిగిలిన తెల్ల సూటు ఒకటి తొడుక్కున్నాడు. క్యాంటీన్ తలుపు తోసి అక్కడి గుడ్ల ట్రే ఎత్తాడు. వంటమనిషి, “అదేంటి, రేపు ఆమ్లెట్లకి,” అంటుంటే, “రూలు,” అన్నాడు. ఆ సూటులో ఆ మాటకి ఎదురు లేదు. నడవా వైపు నుంచి ఇంక్యుబేటర్ గదిలోకి దూరి, ట్రే మార్చాడు.

మార్చాక తెలిసింది చిక్కు. గేటు దగ్గర బయటికెళ్లే ప్రతి మనిషినీ మందునీళ్లతో తడిపి, జేబులు తడిమి పంపుతున్నారు. తడపకుండా వదిలేది ఆడిటర్ కారు ఒక్కదాన్నే. ఇంతసేపూ వేడి తగలకూడదు. ఇప్పుడు చలి తగలకూడదు. చేతిలో గుడ్లు నిమిషం నిమిషానికీ చల్లారిపోతున్నాయి.

నడవా మలుపులో నెమలి నిలబడి ఉంది.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఆయనకి రెండో దారి లేదు. నమ్మడం అనేది ఇష్టపడి చేసే పని అని అంతవరకు అనుకున్నాడు.

ఆమె కోటు గుండీలు విప్పింది. లోపలి వైపంతా చిన్న చిన్న జేబులు. “ఇదివరకు ఫిల్ములు దాచేదాన్ని,” అంది. ఒక్కో గుడ్డూ ఒక్కో జేబులో దిగింది, కిటికీ పైకి ఉండేలా. పక్కటెముకల వెచ్చదనానికి ఆనుకుని.

“వెటర్నరీ కాలేజీ హేచరీ. అక్కడ ఉంటాను,” అన్నాడు మాస్టారు. “వంగకండి. గట్టిగా నవ్వకండి.”

“గుడ్లు పొదగడానికి కూడా జీతం ఇస్తారా మీ పెద్దాయన?”

గుండీలు పెట్టుకుని, మడమలు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

డాక్టరమ్మను పక్కకి తప్పించి ట్రే బయటికి తెచ్చేశారు. కోళ్లను పూడ్చే గొయ్యి అంచున ఆడిటర్ నిలబడ్డాడు. కోళ్ల సంగతి తెలిసిన మనిషి. పొదిగే గుడ్డు పగిలితే లోపల నెత్తుటి గూడు కనిపిస్తుంది, వంటింటి గుడ్డు పగిలితే ఉత్త సొన. మొదటి గుడ్డు పగిలిందంటే అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు ట్రే అందుకుని ఒక గుడ్డు ఎత్తాడు. తెల్ల సూటులో మాస్టారు పక్కనే ఉన్నాడు. చెయ్యడానికి ఏమీ లేదు. డాక్టరమ్మ దూరంగా ల్యాబ్ మెట్ల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తల దించుకుంది.

కారు హారన్ మోగింది. పొడుగ్గా, విసుగ్గా. నెమలి కిటికీలోంచి చేతిగడియారం చూపిస్తోంది. ఫ్లైట్.

ఆడిటర్ తల అటు తిరిగింది.

గుడ్డు పగిలింది. పచ్చటి సొన, నిండుగా, ఎక్కడా ఎర్ర చార కూడా లేకుండా మట్టిలో పడింది. తమ్ముడు దాన్ని చూశాడు. ఒక్క క్షణం అలాగే చూశాడు. బూటుతో మట్టి తోసి కప్పేశాడు. తర్వాత ట్రే మొత్తం ఒక్కసారిగా గోతిలోకి బోర్లించి, “సున్నం,” అన్నాడు మనుషులతో.

ఆడిటర్ మళ్లీ ఇటు తిరిగేసరికి తెల్లటి సున్నం పొగ తప్ప ఏమీ లేదు. తృప్తిగా తల పంకించి, కారెక్కాడు. కారు కదిలినప్పుడు మాస్టారికి కనిపించింది. అద్దాలన్నీ మూసి, లోపల హీటర్ పెట్టి ఉన్నట్టుంది, అతను రుమాలుతో నుదురు తుడుచుకుంటున్నాడు. పక్కన నెమలి చలేస్తున్నట్టు, రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని, నిటారుగా కూర్చుంది.

షిప్పరూ అందులోనే. గుడ్లూ అందులోనే. మాస్టారి మీద మందునీళ్లు కొట్టడం మొదలెట్టారు.

* * *

హేచరీలో ఖాళీ ఇంక్యుబేటర్ ముందు ఆయన కూర్చున్నాడు. డాక్టరమ్మ నిలబడే ఉంది. పెద్దాయన ఫోన్ చేశాడు.

“దొరికారయ్యా. ఆడిటరు, అందుకోడానికొచ్చినవాడు, ఇంకో ఇద్దరు. మొత్తం గూడు. భేష్.”

“నెమలి?”

“అదే అడుగుదామనుకున్నాను. ఎయిర్‌పోర్టులో బాత్రూంకని వెళ్లింది, మళ్లీ కనిపించలేదు. పోతే పోయిందిలే. మనకేం నష్టం?”

మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ ఆయన మొహం చూసింది. ఇంక్యుబేటర్ డయల్ మళ్లీ సరిచూసింది. లోపల వెచ్చదనం ఎవరి కోసమో తయారుగా ఉంది. బయట ఎండ గోడ మీద నుంచి జారుతోంది.

తలుపు తోసుకుని నెమలి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. నడక గాజు బొమ్మలా ఉంది.

“రెండు పోయాయి,” అంది. “ఒకటి ఆయన బ్రీఫ్‌కేసు తగిలి. ఇంకోటి సీటు బెల్టు. అదంతా లోపల కారుతున్నా మాట్లాడుతూనే ఉన్నాను, వాతావరణం గురించి. తీయండి తొందరగా, నాకు నడుం పట్టేసింది.”

డాక్టరమ్మ ఒక్కో జేబులోంచి ఒక్కో గుడ్డు తీసి, దీపం ముందు పట్టి చూసింది. కొన్నిట్లో ఆవగింజ కొట్టుకుంటోంది. కొన్నిట్లో లేదు.

ఆ తర్వాత చెయ్యగలిగింది ఎవరికీ ఏమీ లేదు. పిల్లలయ్యాయి, అన్నీ తెల్లవే. సగం చచ్చాయి. మిగిలినవి పెరిగాయి. సొంత విత్తనం లేని కోళ్లు అవి. లోపల నల్లకాలు కుదురుకుంటేనే గుడ్డు పెడతాయి, లేకపోతే జీవితాంతం తిని తిరుగుతాయి. ఈడొచ్చింది. గూళ్లలో గడ్డి మార్చారు. ఖాళీ. మర్నాడూ ఖాళీ. తమ్ముడు వారానికోసారి వచ్చి జాలీ అవతల నిలబడి, పెట్టిందా అని అడిగి, వెళ్లిపోయేవాడు. అక్క పలకరించేది కాదు. నెమలి సాక్ష్యం ఇచ్చాక శాంపిల్ మార్చారని పేపర్లలో వచ్చింది. ఆ వారం అతను రాలేదు.

పై వారం వచ్చాడు. జాలీ పట్టుకుని, “పెట్టిందా?” అన్నాడు, ఎప్పటిలాగే.

డాక్టరమ్మ చేతిలో మేత గిన్నె కింద పెట్టింది. “బూట్లు కడుక్కుని లోపలికి రా,” అంది.

మూల గూట్లో చిన్న గుడ్డు ఒకటి ఉంది, ఇంకా వెచ్చగా. దాని మీద చెయ్యి వెయ్యడానికి అతను భయపడ్డాడు.

కోర్టులో కేసు నడుస్తోంది. సాక్ష్యాధారాలను తీర్పు వచ్చేదాకా నైట్రోజన్‌లోనే భద్రపరచాలని జడ్జిగారి ఉత్తర్వు. దాంతో ఎయిర్‌పోర్టుకి చేరేలోపే కరిగి చచ్చిపోయిన మామూలు తెల్లకోడి కణాలకి, గణాంకాల ఉపవిభాగంలో కొత్త ట్యాంకు, ఏసీ గది, ఇద్దరు తుపాకీ గార్డులు దొరికారు. నల్లకాలు గుడ్డు పెట్టే పెట్ట పాకకి తలుపు గొళ్లెం ఇంకా శాంక్షన్ కాలేదు. ప్రస్తుతానికి తాడుతో కడుతున్నారు.